ఎవరు పంపారు? కరోనా కాలపు సందేశములపై ఒక అధ్యయన పాఠము



ఈ సంచిక పాఠమునకు మేము తీసుకొన్న విషయము, కరోనా కాలములో మన చేతి ఫోనులలోనికి వచ్చిపడిన ఆరోగ్య సమాచారము. అందులో అబద్ధమెంత, దానిని మనము ఎందుకు నమ్మాము, నమ్మినందువలన ఏమి జరిగింది అనునవి పరిశీలించవలెను. "గడిచిపోయిన సంగతి గదా మాస్టారూ, మరల తవ్వడం ఎందుకు?" అని మా డీకన్లలో ఒకరు అడిగారు. జబ్బు తగ్గింది గాని అలవాటు తగ్గలేదు. అదే దారిన నేడు చక్కెర జబ్బుకు కషాయము, కాన్సరుకు ఆకు, పిల్లల టీకాలపై భయము మన ఇండ్లలోనికి వస్తూనే ఉన్నవి. పైగా ఈ పాఠములో మా స్వంత తప్పు ఒకటి ఉన్నది. దానిని దాటవేసి ఇతరుల తప్పులు ఎంచుట న్యాయము కాదు. దాని చోటు వచ్చినప్పుడు చెప్పెదము.

మా ప్రాంతమును ఎరుగని దూరపు సంఘములవారి కొరకు రెండు మాటలు. రాయపురం చెన్నై నగరపు ఉత్తర భాగములో సముద్రము ఒడ్డున ఉన్నది. 1856లో దక్షిణ దేశపు తొలి రైలు బయలుదేరిన స్టేషను ఇక్కడిదే. ఒక ప్రక్క కాశిమేడు చేపల రేవు, మరొక ప్రక్క వాషర్‌మెన్‌పేట, మన్నడి. సన్నని సందులు, ఒకే గోడను ఆనుకొన్న ఇండ్లు, నీళ్ళ కుళాయి దగ్గర బిందెల వరుసలు. రేవు పనికి, రైల్వే పనికి, కార్పొరేషను పారిశుధ్య పనికి వచ్చిన మన తెలుగువారు ఉత్తర చెన్నైలో తరములుగా ఉన్నారు. 2020 ఏప్రిల్, మే నెలలలో చెన్నై కార్పొరేషనులోని 15 మండలములలో రాయపురం మండలమే కేసుల సంఖ్యలో మొదట నిలిచింది. రోజూ సాయంత్రము టీవీలో ఆ పేరు వినబడేది. ఊరినుండి బంధువులు ఫోను చేసి "మీ రాయపురమేనంట గదా" అని మొదలుపెట్టేవారు.

అప్పుడు మా వీధికి వార్త రెండు దారులలో వచ్చేది. ఆటోకు మైకు కట్టి కార్పొరేషనువారు చెప్పేది, గోడకు అంటించేది, ఇంటింటికి జ్వరము అడగడానికి వచ్చిన పిల్లలు చెప్పేది అంతా తమిళములో. మన యౌవనస్థులు తమిళము చదువగలరు. పెద్దలలో చాలమంది మాట్లాడగలరు గాని చదువలేరు. తెలుగులో వచ్చేది మాత్రము ఫోనులోనే. నెల్లూరునుండి తమ్ముడు, ఒంగోలునుండి మేనత్త కొడుకు, గల్ఫులోనున్న అల్లుడు పంపేవి. అంటే తమిళములో వచ్చినది సర్కారు మాట, తెలుగులో వచ్చినది మనవాళ్ళ మాట. ఈ తేడాను గుర్తుంచుకొనవలెను. పాఠమంతటికి ఇదే మూలము.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పిన సంగతి ఒకటి ఉన్నది. పాఠము మొదలుపెట్టక ముందు పిల్లవాని పూర్వజ్ఞానమును తెలుసుకొనవలెను. వాడి తల ఖాళీ కుండ కాదు. అందులో ముందే ఏదో ఒకటి ఉంటుంది, క్రొత్త సంగతి దానికి అతుక్కొంటేనే నిలుస్తుంది. మేము ముప్పది యేండ్లకు పైగా బడిలో ఈ సూత్రముతోనే పని చేశాము. పుకారు కూడ ఇదే సూత్రముతో పని చేస్తుందని మాత్రము కరోనా వచ్చేదాకా మాకు తోచలేదు.

2022 వేసవిలో, రాకపోకలు మామూలయిన తరువాత, స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు, మేము కలిసి ఒక పని పెట్టుకొన్నాము. ఎవరి ఫోనులో మిగిలియున్న పాత సందేశములను వారు వెదకి తెచ్చారు. యువకులు చదివి వినిపించగా మేము నోటు పుస్తకములో వ్రాశాము. సందేశము ఏమి, ఎవరు పంపారు, అది చెప్పినట్టు చేశారా, చేస్తే ఏమైంది. ఇది పండితుల పరిశోధన కాదు. అయినను రెండు ఆదివారముల సాయంత్రములలో నోటు పుస్తకము నిండిపోయింది. చదువుతూ కొందరు నవ్వారు, కొందరు లేచి బయటకు పోయారు.

నవ్వు పుట్టించినవి ముందు చెప్పుదము. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. వైరసు పన్నెండు గంటలే బ్రతుకుతుంది గనుక పదునాలుగు గంటలు తలుపు మూస్తే దేశములో జబ్బే ఉండదని ఒక సందేశము. చప్పట్ల మోతకు వైరసు చచ్చునని ఇంకొకటి. ప్లాస్టిక్కువంటి నునుపైన వస్తువులపై ఈ వైరసు మూడు రోజులవరకు కనబడినట్టు అదే మార్చి నెలలో శాస్త్రజ్ఞులు ప్రచురించారు. అంతకన్న ముఖ్యము, అది మనుష్యుల ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, తలుపు మూస్తే మనతోనే లోపల ఉంటుంది. కోడిమాంసము తింటే కరోనా వస్తుందన్న పుకారు వేరు. దానివలన కోళ్ళ రైతులు మునిగిపోయారు. 2020 ఫిబ్రవరి చివరిలో హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికమీద నిలబడి జనము ముందు కోడిమాంసము తిని చూపవలసి వచ్చింది.

నవ్వలేనివి కూడ ఆ పుస్తకములో ఉన్నవి. 2020 ఏప్రిల్ మొదటి వారములో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలములో కొందరు టిక్‌టాక్ వీడియో చూచి, కరోనాకు మందు అని ఉమ్మెత్త కాయల రసము త్రాగి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని పల్లెటూరివారికి తెలియదా? తెలుసు. అయితే ఆ కాయ ముండ్లతో గుండ్రముగా, టీవీలో చూపే వైరసు బొమ్మవలె ఉంటుంది. ముల్లును ముల్లుతోనే తీయవలెనన్న మాట మన తలలో ముందే ఉన్నది. వీడియో దానికి అతుక్కొంది. అదే జిల్లాలో అంతకుముందు, ఫిబ్రవరిలో, ఒక రైతు మామూలు జ్వరమునే కరోనా అనుకొని, ఫోనులో చైనా వీడియోలు చూచి చూచి, తనవలన ఇంటివారికి సోకునని బెదరి ప్రాణము తీసుకొన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు నెల్లూరులో బయటపడినది మార్చి 12న. జబ్బుకన్న ఒక నెల ముందే పుకారు మనిషిని తీసుకుపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ గారు అదే ఫిబ్రవరి 15న మ్యూనిక్ నగరపు సభలో, తాము ఒక్క జబ్బుతోనే గాక తప్పుడు సమాచారపు అంటువ్యాధితో కూడ పోరాడుతున్నామని చెప్పారు. మాకు ఆ మాట అప్పుడు అతిశయోక్తిగా తోచింది.

ఇక మా నగరమునకు సిగ్గు తెచ్చిన సంగతికి వద్దాము. 2020 ఏప్రిల్ 13న నెల్లూరుకు చెందిన ఒక ఎముకల వైద్యుడు చెన్నై ఆసుపత్రిలో కరోనాతో చనిపోయాడు. అంబత్తూరులో దహనము చేయబోగా చుట్టుప్రక్కలవారు అడ్డుపడ్డారు. శవమును వెనుకకు త్రిప్పి వేరొకచోట దహనము చేయవలసి వచ్చింది. ఆరు రోజులకు, ఏప్రిల్ 19 ఆదివారము, నరముల శస్త్రవైద్యుడు డాక్టరు సైమన్ హెర్క్యులిస్ గారు అదే జబ్బుతో మరణించారు. కుటుంబమువారు కీల్పాక్కం సమాధుల తోటకు తీసుకుపోవాలనుకొన్నారు. అక్కడ జనము గుమిగూడినారని అన్నానగరు వేలంగాడు స్మశానమునకు త్రిప్పారు. అక్కడ గుంపు రాళ్ళతో, కర్రలతో అంబులెన్సుపై పడింది. డ్రైవరు, ఆసుపత్రి సిబ్బంది గాయపడ్డారు. భార్య, కుమారుడు కడసారి చూపు లేక వెనుకకు పోవలసి వచ్చింది. చివరకు ఆయన తోటి వైద్యుడు డాక్టరు ప్రదీప్ కుమార్ గారు ఆసుపత్రి పనివారు ఇద్దరితో మరల వెళ్ళి, పోలీసుల కాపలాలో, అర్ధరాత్రివేళ తన చేతులతోనే మట్టి వేసి పాతిపెట్టారు.

ఆ గుంపును దుర్మార్గులు అనడము తేలిక. పోలీసులు కొందరిని పట్టుకొన్నారు. మద్రాసు హైకోర్టు మరునాడే ఈ సంగతిని తనంతట తానుగా విచారణకు తీసుకొంది. ఏప్రిల్ 26న తమిళనాడు ప్రభుత్వము ఇటువంటి ఖననమును, దహనమును అడ్డగించినవారికి మూడేండ్లవరకు జైలు విధించే అత్యవసర చట్టము చేసింది. అది చేయవలసినదే. కాని మేము అడుగునది వేరు. ఆ రాత్రి వారంతా ఇండ్లు విడిచి బయటకు ఎందుకు వచ్చారు? శవమునుండి వైరసు లేచి గాలిలో తిరుగునని, నేలలోని నీటిలో కలిసి వీధి బోరులలోనికి వచ్చునని వారు నమ్మారు. నిజమేమంటే ఈ జబ్బు ముఖ్యముగా శ్వాసవలన, దగ్గువలన, మాటలాడునప్పుడు వచ్చే తుంపరలవలన అంటుతుంది. శవము ఊపిరి తీయదు, దగ్గదు. నీరు కారని సంచిలో చుట్టి, తాకినవారు చేతి తొడుగులు వేసుకొంటే ఖననమువలన చుట్టుప్రక్కలవారికి ప్రమాదము లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15నే వ్రాతపూర్వకముగా చెప్పింది. అంటే డాక్టరు గారి మరణమునకు ఐదు వారముల ముందే. ఆ కాగితము ఆంగ్లములో, ఢిల్లీలో ఉన్నది. శవము గూర్చిన వీడియో ఇక్కడి భాషలో, చేతిలో ఉన్నది.

ఇందులో మన వంతు కూడ చెప్పవలెను. ఆ వారములోనే మా వీధిలో కాశిమేడు సమాధుల తోట గూర్చి అదే మాట నడిచింది. అక్కడ మన తల్లిదండ్రుల సమాధులు ఉన్నవి. అయినను మనవారిలో కొందరు "ఇప్పుడు మాత్రం అక్కడికి తేవొద్దు, పిల్లలు ఉండారు" అన్నారు. మేము విన్నాము. గట్టిగా కాదనలేదు.

మరొక పాపము ఇంతకంటె నిశ్శబ్దముగా జరిగింది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ కూటమునకు వెళ్ళివచ్చినవారిలో చాలమందికి జబ్బు బయటపడింది. అది వాస్తవము. వెంటనే పండ్లపై ఉమ్మి వేస్తున్నారని, కావాలని అంటిస్తున్నారని వీడియోలు వచ్చినవి. వాటిలో అనేకము ఏనాటివో, ఎక్కడివో. మన్నడి, వాషర్‌మెన్‌పేట ముస్లిములు మనకు రోజూ పండ్లు, బట్టలు అమ్మినవారు. వారి బండి దగ్గర కొనడము మనవారు కొన్ని వారములు మానివేశారు. నోటు పుస్తకములో ఈ వీడియో పంపినవారి పేర్ల చోట సంఘపు పేర్లే ఉన్నవి. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము, ఆ కూటమునకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేసినట్టు కనబడుతున్నదని అభిప్రాయపడింది. ఆ వార్తను మన గుంపులో ఎవరును పంపలేదు. అబద్ధసాక్ష్యమును గూర్చిన ఆజ్ఞను సండే స్కూలు పిల్లలకు నేర్పునది మనమే గదా.

రెండవ అల సంగతి మన జిల్లావారికి బాగుగా తెలిసినది. 2021 మే నెల. ఆక్సిజను లేదు, పడకలు లేవు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఆనందయ్య గారు మూలికలతో చేసిన మందు ఇస్తున్నారని వార్త లేచింది. కంటిలో చుక్కలు వేయగానే ఊపిరి నిలద్రొక్కుకొని లేచి కూర్చున్నారని వీడియోలు. వేలాదిమంది, జబ్బుతో ఉన్నవారు కూడ, ఒకరినొకరు త్రోసుకొంటూ అక్కడ గుమిగూడారు. జబ్బు ప్రబలుటకు అంతకన్న అనువైన చోటు ఉండదు. ప్రభుత్వము పంపిణీని ఆపి పరీక్షలకు పంపింది. మందువలన హాని కనబడలేదు గాని, అది కరోనాను నయము చేయునని రుజువు కూడ లేదని తేలింది. మే 31న కంటి చుక్కలను తప్పించి మిగిలినవాటికి అనుమతి ఇచ్చారు. చుక్కలు వేయించుకొని బాగైనానని వీడియోలో చెప్పిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు అదే నెలాఖరున ఆసుపత్రిలో మరణించారు. మొదటి వీడియో చూచినవారిలో రెండవ వార్త ఎంతమందికి చేరింది?

ఆనందయ్య గారిని మోసగాడని మేము అనము. ఆయన డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ప్రశ్న అక్కడ లేదు. ఆసుపత్రి తలుపు మూసియున్నప్పుడు తెరిచియున్న తలుపు ఏదైనా మనిషి దానివైపే పోవును. మా సంఘములో ఒక సహోదరి కుమారుని కొరకు ఆ మందు తెప్పించుటకు నగలు తాకట్టు పెట్టి కారు మాట్లాడింది. ఆమెను మందలించాలని వెళ్ళిన మేము "మరి మీరు ఒక పడక ఇప్పించండి మాస్టారూ" అన్న మాటకు జవాబు లేక తిరిగి వచ్చాము.

టీకా మాట కూడ చూడవలెను. 2021 జనవరి 16న మన దేశములో కరోనా టీకాలు మొదలై, ఫిబ్రవరిలో పారిశుధ్యపు పనివారికి ఇచ్చారు. వారిలో మన సంఘపు అక్కచెల్లెండ్రు ఉన్నారు. పిల్లలు పుట్టరని, రెండేండ్లలో పోతారని వారి ఫోనులలో సందేశములు. ఇంతలో హాస్యనటుడు వివేక్ గారు ఏప్రిల్ 15న చెన్నై ఓమందూరారు ప్రభుత్వ ఆసుపత్రిలో అందరి ఎదుట టీకా వేయించుకొన్నారు, జనమునకు ధైర్యము చెప్పుటకే. మరునాడు గుండెపోటు, 17న మరణము. గుండె రక్తనాళము పూర్తిగా పూడుకొని యున్నదని, అది ఒక్క రోజులో జరిగేది కాదని వైద్యులు అదే రోజు చెప్పారు. టీకాకు సంబంధము లేదని తరువాత కేంద్రపు నిపుణుల సంఘము కూడ తేల్చింది. కాని మా వీధిలో ఆ నెల టీకా శిబిరము ఖాళీగా ఉన్నది. ముందు జరిగినది, వెనుక జరిగినదానికి కారణము అనుకొనుట మనుష్యుని పాత బలహీనత. బడిలో తర్కము చెప్పినప్పుడు దీనికి మేము కాకి, తాటిపండు ఉదాహరణ ఇచ్చేవారము.

ఇది క్రొత్త భయము కాదు. ఇంగ్లండులో జెన్నరు 1796లో ఆవు మశూచి రసముతో టీకా కనిపెట్టగా, 1802లో గిల్‌రే అనే చిత్రకారుడు టీకా వేయించుకొన్నవారి ఒంట్లోనుండి ఆవులు మొలుచుకొని వస్తున్నట్టు బొమ్మ గీశాడు. మా నాయనమ్మ టీకాల మనిషి వీధిలోనికి రాగానే మమ్మును ధాన్యపు గాదె వెనుక దాచేది. అమ్మవారి జబ్బును సూదితో ఆపడమేమని ఆ తరము భయము. అయినను మా తరము చేతులపై ఆ మచ్చ ఉన్నది, మశూచి మాత్రము లేదు. 1980లో ప్రపంచమంతటినుండి అది పోయినదని ప్రకటించారు. ఆ టీకా రసము తయారు చేయుటకై 1899లో వెలసిన గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటే 2020లో మా కరోనా పరీక్షలు చేసినది.

టీకాలో అపాయమే లేదని చెప్పుట కూడ నిజము కాదు. కొవిషీల్డు వేసుకొన్నవారిలో అతి కొద్దిమందికి రక్తము గడ్డకట్టే సమస్య వచ్చిందని 2021 మే నెలలో ప్రభుత్వపు సంఘమే తెలిపింది. జబ్బువలని అపాయము దానికన్న ఎన్నో రెట్లు ఎక్కువ గనుక వేసుకొమ్మన్నారు. ఈ మాటను ఈ విధముగానే చెప్పవలెను. ఏమీ కాదు, ఏమీ కాదు అని చెప్పి, తరువాత ఒకరికి ఏదో అయితే మన మాటను మరల ఎవరు వింటారు?

అధికారుల మాట మారినందువలన కూడ నమ్మకము పోయింది. మొదట ఆరోగ్యవంతులకు మాస్కు అక్కరలేదన్నారు. 2020 ఏప్రిల్‌లో ఇంటి గుడ్డతోనైనా కట్టుకొమ్మన్నారు. ప్లాస్మా ఇచ్చారు, 2021 మే 17న దానిని చికిత్సనుండి తీసివేశారు. "వాళ్ళకే తెలియదు" అని మనవారు అన్నారు. క్రొత్త జబ్బు గనుక తెలుసుకొనే కొలది దిద్దుకొన్నారు. పిల్లవాడు లెక్క తప్పు చేసి కొట్టివేసి మరల చేస్తే మేము మార్కులు తగ్గించేవారము కాదు. పుకారు మాత్రము ఎన్నడును తన తప్పు కొట్టివేసుకోదు. ఈ తేడాను జనమునకు ముందే విప్పి చెప్పియుంటే బాగుండేది. దానికి బదులు వీధి చివర రేకులు కొట్టారు, తలుపుకు కాగితము అంటించారు. ఆ కాగితమునకు భయపడి జ్వరమును దాచిపెట్టిన ఇండ్లు మాకు తెలుసు.

ఇప్పుడు మా సంగతి. రెండవ ఆదివారము సాయంత్రము ఒక సహోదరి తన భర్త పాత ఫోను తెచ్చింది. ఆయన కార్పొరేషను పారిశుధ్య పనివాడు. 2020 మే నెలలో జ్వరము వచ్చి, ఆరవ రోజున ఆయాసముతో ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి, మూడు వారములకు బ్రతికి బయటపడ్డాడు. అదే ఇంటిలో, అదే గదిలో పడుకొన్న ఆయన అత్తగారు బయటపడలేదు. ఆ ఫోనులో ఒక సందేశము. ప్రతి ఉదయము ఊపిరి నిండుగా పీల్చి పది సెకండ్లు బిగబట్టుము, దగ్గు రాకుంటే నీకు కరోనా లేదు అని దాని సారాంశము. యువకుడు చదివి, పంపినవారి పేరు దగ్గర ఆగిపోయాడు. అది మా పేరు.

"రోజూ పొద్దున చేస్తా ఉండేవాడు మాస్టారూ. పదికి పైనే బిగబట్టేవాడు. ఏం లేదే, ఏం లేదే అంటా ఉండేవాడు," అన్నదామె.

"ఇంతకాలం మాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెడ్డకు పంపుతారా? మీరు పంపారనే గదా ఆయన నమ్మింది."

ఆ సందేశము మాకు ఒక పాత సహోపాధ్యాయుడు పంపాడు. ఎవరో విదేశీ వైద్యుల పేరు క్రింద ఉన్నది. మేము విచారించలేదు. శ్వాసకు సంబంధించినది, చేయుటకు సులభము, ఖర్చు లేదు, హాని ఏముంటుందిలే అనుకొని ప్రార్థన గుంపులో పంపాము. ఆ హాని ఏమిటో తరువాత వైద్యులు మాకు వివరించారు. కరోనాలో రక్తములోని ఆక్సిజను తగ్గుతున్నను మొదట ఆయాసము తెలియకపోవచ్చు. జబ్బు సోకినవారిలో చాలమంది పది సెకండ్లు సులువుగా బిగబట్టగలరు. వేలికి తగిలించే చిన్న మీటరు చెప్పగలదు గాని బిగబట్టిన ఊపిరి చెప్పలేదు. ఐదు రోజులు ఆయన ఇంట్లోనే మామూలుగా తిరిగాడు. మా సందేశము లేకుంటే మొదటి రోజే జ్వరపు శిబిరమునకు పోయియుండేవాడా? ఆమె అలా అనలేదు. మేము అనుకొన్నాము, నేటికిని అనుకొంటూ ఉన్నాము. తరువాతి ఆదివారము కూటములో లేచి ఈ సంగతి అందరి ఎదుట చెప్పి, ఆ కుటుంబమును క్షమాపణ అడిగాము.

అప్పటినుండి నోటు పుస్తకములో రెండవ గడినే మేము ముఖ్యముగా చూస్తున్నాము. ఎవరు పంపారు? దాదాపు ప్రతి సందేశమునకు ఎదురుగా అన్న, బావ, పిన్నమ్మ, పెద్దయ్య, మాస్టారు. పరాయివారు పంపినది మనము నమ్మలేదు, మనలను ప్రేమించేవారు పంపినది నమ్మాము. అందుచేత "నీవు తెలివితక్కువదానవు, అబద్ధము నమ్మినావు" అని పెద్దమ్మతో అంటే, ఆమె చెవికి అది "నీ తమ్ముడు అబద్ధికుడు" అని వినబడుతుంది. ఆమె మారదు, గుంపునుండి తప్పుకొంటుంది. ఈ పొరపాటు మన యౌవనస్థులు చాలమంది చేశారు.

మేము కొంత మేలు చూచిన పద్ధతి ఇది. సందేశము తెచ్చినవారిని ముందు "దేనికి భయపడుతున్నావమ్మా?" అని అడుగుట. టీకా వద్దన్న ఒక చెల్లెలికి అసలు భయము సూది కాదు, రెండు రోజులు జ్వరము వస్తే దినకూలి పోవునని. దానికి తర్కము కాదు, రెండు పూటల అన్నము పంపడము జవాబు. స్త్రీల సమాజమువారు పంపారు, ఆమె వేయించుకొన్నది. తరువాత సందేశమునే పరీక్షించుట. తేదీ ఉన్నదా? వైద్యుని పేరు, ఊరు ఉన్నవా? ఉంటే ఆయన నిజముగా అలా చెప్పాడా? పైన రెండు బాణముల గుర్తు ఉంటే అది ఎన్నో చేతులు మారి వచ్చినదని అర్థము. అటువంటివాటిని ఒకసారి ఒక్కరికే పంపగలిగేటట్టు వాట్సాప్‌వారు 2020 ఏప్రిల్‌లో కట్టడి చేశారు. వెంటనే అందరికి పంపుమని తొందరపెట్టునదానిని మరింత అనుమానించవలెను. తమిళనాడులోను ఆంధ్రలోను 104కు ఫోను చేసి అడుగవచ్చును. మన సంఘములో ఉన్న నర్సు అక్కలను అడుగవచ్చును. వారు తెలుగులోనే చెప్పుదురు, వారు మనవాళ్ళే. మొదటినుండి వారిచేత మన గుంపులో రోజుకు ఒక మాట చెప్పించియుంటే ఈ నోటు పుస్తకము ఇంత నిండేది కాదని మా అభిప్రాయము.

తప్పు పంపినవారు ఏమి చేయవలెను? చెరిపివేసి ఊరకుండరాదు. అదే గుంపులో, అదే పేరుతో, నేను పంపినది తప్పు అని వ్రాయవలెను. మా వయస్సువారికి ఇది కష్టము. మేము వ్రాసినప్పుడు మొదట ఎవరును జవాబు ఇవ్వలేదు. సాయంత్రమునకు మరి ముగ్గురు, తాము పంపినవాటిని గూర్చి అదేవిధముగా వ్రాశారు.

వచ్చే పాఠమునకు ప్రతి ఇంటినుండి ఈ నెలలో వచ్చిన ఆరోగ్య సందేశము ఒకటి తీసుకొని రావలెను. చక్కెర జబ్బును గూర్చినదైనను, పిల్లల టీకాలను గూర్చినదైనను సరే. కాగితముపై సందేశము, దానిని చూచినప్పుడు కలిగిన భయము లేక ఆశ, ఇంకెవరికైనా పంపినారా లేదా అనునవి వ్రాయవలెను. పంపినవారి పేరు పైకి చదువము. చదువను వ్రాయను రాని పెద్దలు ఫోను తెస్తే చాలును, యౌవనస్థులు వ్రాసిపెట్టెదరు.